గ్లూమీ తగ్గాలని ప్రార్థన

తెలుగులో ఊరికే దిగులుగా ఉండటానికి వీల్లేదు. మా గోదావరి జిల్లాల్లో అయితే మరీ వీల్లేదు. "దిగులుగా ఉంది" అన్నామనుకోండి, "దేనికి?" అంటారు. "బెంగగా ఉంది" అంటే "ఎవరి మీద?" అంటారు. "మనసేం బాగోలేదు" అంటే "ఎవరేమన్నారు?" అంటారు. జవాబు రాబట్టుకోకుండా ఆ అడిగిన మనిషి లేవదు. మనమిచ్చిన కాఫీ తాగేసి, గ్లాసు కింద పెట్టి, "ఊఁ, చెప్పండి మరి" అని మళ్ళీ మొదలుపెడుతుంది. ఇక్కడ కారణం చూపించకుండా ఏడవడమంటే రేషన్ కార్డు లేకుండా బియ్యం అడగడమే.

అందుకని ఓ శ్రావణమాసంలో నాకు నిజంగా దిగులొచ్చినప్పుడు ఇంగ్లీషులోంచి ఓ మాట అరువు తెచ్చుకున్నాను. గ్లూమీ. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో ఎంత భాగోతం జరిగిందో చెప్తాను వినండి.

నేను తణుకు దగ్గర ఓ పల్లెటూరి హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. నా దిగులుకి కారణం మా లెక్కల టీచరు. ఆవిడా నేనూ ఏళ్ళ తరబడి తణుకులో ఒకే బస్సెక్కి, ఒకే సీట్లో కూచుని బడికెళ్ళాం. బడి గేటు లోపల "మేడం గారూ, మేడం గారూ" అని ఒకళ్ళకొకళ్ళం అండీలు వడ్డించుకునేవాళ్ళం. సాయంత్రం బస్సెక్కగానే "ఏమే", "ఒసేయ్"లోకి దిగిపోయేవాళ్ళం. అత్తగార్లనీ, మొగుళ్ళనీ, హెడ్మాస్టరునీ ఆ బస్సులోనే ఉతికి ఆరేసి, తణుకులో దిగేసరికి మడత పెట్టేసేవాళ్ళం. నాకు చర్చిలో అక్కలున్నారు, చెల్లెళ్ళున్నారు, పిన్నులున్నారు. స్నేహితురాలంటే మాత్రం ఆవిడే.

వాళ్ళింట్లో పూజలూ మడీ ఎక్కువ. మేమేమో లూథరన్ సంఘం వాళ్ళం, ప్రసాదం తినం. ఈ విషయంలో మా అత్తగారు మహా గట్టి మనిషి. ఎవరైనా చేతిలో పెట్టబోతే రెండు చేతులూ జోడించి మరీ వద్దంటుంది. మా స్నేహం కొత్తలో ఓ శ్రావణ శుక్రవారం లెక్కల టీచరు పూర్ణం బూరెలు తెచ్చింది. నా మొహం చూసింది, సంగతి కనిపెట్టింది, చప్పుడు చెయ్యకుండా డబ్బా మూత పెట్టేసింది. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. పై శుక్రవారం మళ్ళీ డబ్బాతో వచ్చింది.

"తిను. ఇది నైవేద్యం పెట్టింది కాదు" అంది.

"అంటే దేవుడికంటే ముందు నాకు తీశావా? మీకు తప్పు కాదూ?"

"ముందూ లేదు, వెనకా లేదు. నీ పిండి, నీ పూర్ణం వేరే గిన్నెలో కలిపాను. వేరే మూకుట్లో వేయించాను. దేవుడికి వండింది దేవుడిది, నీకు వండింది నీది. రెండూ ఎక్కడా కలవలేదు. తినవే తల్లీ, చల్లారిపోతాయి."

లెక్కల టీచరు కదా మరి! ఆ తర్వాత ఏ పండగొచ్చినా వాళ్ళ పొయ్యి మీదికి రెండు మూకుళ్ళెక్కేవి. నా వంతు ఓ స్టీలు డబ్బాలో వచ్చేది. డబ్బా మీద వాళ్ళ అత్తగారి పేరు చెక్కించి ఉండేది, ఆవిడ కొడుకు కాపురానికి ఇచ్చిన సామానులోది. రెండిళ్ళ దేవుళ్ళకీ ఇబ్బంది లేకుండా నేను శుభ్రంగా తిని, డబ్బాలో ఏదో ఒకటి వేసి తిరిగిచ్చేదాన్ని. ఖాళీ డబ్బా ఇవ్వకూడదు కదా.

అలాంటి మనిషి బదిలీ పెట్టుకుంది. పెనుగొండకి. అత్తగారింటి పక్క బడికి. పెట్టుకున్న సంగతి నాకు చెప్పలేదు. స్టాఫ్ రూములో అందరితోపాటు నేనూ విన్నాను. నా ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రం బస్సెక్కాక, ఎప్పుడూ లేంది, "కంగ్రాట్యులేషన్స్ మేడం గారూ" అన్నాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి కూచుంది. వేసవి సెలవులయ్యాక ఆవిడ అటు, నేను ఇటు. తను ఫోన్ చేస్తుందని నేనూ, నేను చేస్తానని తనూ. ఇద్దరం తలపొగరులో ఒకళ్ళకొకళ్ళం తీసిపోం.

డబ్బా మాత్రం నా దగ్గరుండిపోయింది. ఏదైనా వేసి పంపిద్దామని మొదట్లో అనుకున్నాను. తర్వాత పంపబుద్ధి కాలేదు. అది ఇచ్చేస్తే మా ఇద్దరి మధ్యా ఇంకేం మిగలదనిపించింది.

పోనీ ఈ బాధ ఎవరికైనా చెప్పుకుందామా అంటే, ఏమని చెప్తాం? పెనుగొండ అమెరికా కాదు, కనీసం హైదరాబాదైనా కాదు. తణుకులో తుమ్మితే పెనుగొండలో చిరంజీవ అంటారు. పైగా పెళ్ళయి పిల్లలున్న ఆడది మొగుడి మీద బెంగ పెట్టుకోవచ్చు, పుట్టింటి మీద పెట్టుకోవచ్చు. బస్సులో పక్క సీటు మనిషి మీద బెంగేంటి? నవ్విపోరూ?

శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం శుక్రవారం నాడు పొద్దుట్నుంచీ మబ్బు. క్లాసులో లైటు వేస్తే గానీ బోర్డు కనబడటం లేదు. ఆ రోజు పాఠంలో వచ్చిందీ మాట. "గ్లూమీ అంటే చీకటిగా, మసకగా ఉండటం. మనిషికి వాడితే దిగులుగా ఉండటం" అని చెప్పి, సొంత వాక్యాలు రాయమన్నాను.

ఒకమ్మాయి "అవర్ స్ట్రీట్ ఈజ్ గ్లూమీ, కరెంట్ నాట్ కమింగ్" అని రాసింది. ఫరవాలేదనుకున్నాను. ఇంకొకమ్మాయి "మై బఫెలో ఈజ్ గ్లూమీ" అంది. క్లాసంతా గొల్లుమంది. గేదెకి గ్లూమీ ఏంటే అన్నాను. "దూడని అమ్మేశారు టీచర్. అప్పట్నుంచీ సరిగ్గా గడ్డి తినట్లేదు" అంది. ఎవరూ నవ్వలేదు. నేను ఇన్నేళ్ళు చెప్పిన పాఠాల్లో ఆ మాటని ఇంత బాగా వాడినవాళ్ళు లేరు. వెనక బెంచీ పిల్ల లేచి, "అవర్ ఇంగ్లీష్ టీచర్ ఈజ్ గ్లూమీ. మాథ్స్ టీచర్ వెంట్ టు పెనుగొండ" అని గడగడా చదివింది. "చాల్లే, కూర్చో" అన్నాను. చాక్‌పీసు విరిగింది చేతిలో.

మధ్యాహ్నం క్యారేజీ విప్పితే దొండకాయ వేపుడు. పక్కన స్టీలు డబ్బా లేదు. కలిపిన ముద్ద వదిలేసి మూత పెట్టేశాను. ఛీ, బూరెల కోసం ఏడుస్తున్నావా అని నన్ను నేనే తిట్టుకున్నాను. బూరెల కోసం కాదని నాకూ తెలుసు.

ఇంటికెళ్ళేసరికి మా అత్తగారు వీధి గదిలో బియ్యం చెరుగుతోంది. నన్ను ఎగాదిగా చూసింది.

"ఏంటమ్మాయ్, అలా ఉన్నావు?"

"ఏం లేదండి అత్తయ్యా."

"ఏం లేకపోతే మొహం అలా వేలాడుతుందా? బళ్ళో ఏమైనా అన్నారా?"

"లేదండి. కొంచెం గ్లూమీగా ఉంది. అంతే."

మా అత్తగారు చేట కింద పెట్టేసింది. "ఎప్పట్నుంచి?" అంది.

ఇక్కడ మా అత్తగారి గురించి ఓ మాట చెప్పాలి. ఆవిడ లెక్కలో తెలుగులో చెప్పుకునేది బాధ, ఇంగ్లీషులో చెప్పుకునేది జబ్బు. బీపీ, షుగరు, థైరాయిడు, గ్యాస్ట్రిక్కు. ఆ బంతిలో గ్లూమీకి కూడా ఆకు వేసి కూచోబెట్టేసింది. "మా కాలంలో ఈ జబ్బుల్లేవమ్మా" అంటూ నా నుదుటి మీద చెయ్యేసి చూసింది. "కాలట్లేదు. లోపల్లోపల ఉందన్నమాట" అంది.

మా ఆయన కరెంటాఫీసులో క్లర్కు. రాగానే ఆయనకి వార్త అందింది. ఫోన్లో వెతికి, "చీకటి అని ఇచ్చాడే! చీకటైతే మా డిపార్ట్‌మెంటుకి కంప్లయింట్ ఇవ్వాలి గానీ డాక్టరెందుకు?" అన్నాడు. ఆయనకదో పెద్ద జోకు, తనే నవ్వుకున్నాడు. "మా ఆఫీసులో మనసు బాగోకపోతే యానాం వెళ్ళి చవగ్గా ఓ చుక్కేసుకొస్తారోయ్, హుషారుగా తిరిగొస్తారు" అని కూడా అన్నాడు.

"చూశాంలే ఆ వెళ్ళొచ్చినవాళ్ళని! రోడ్డు పక్కన గ్లూమీగా పడుంటారు" అంది మా అత్తగారు. మాట విన్న గంటలోనే ఆవిడకి వాడకం పట్టుబడిపోయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. మా అత్తగారు చర్చి స్త్రీల సమాజానికి సెక్రటరీ. ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చెప్పే సమయం రాగానే లేచి నిలబడింది. నేను ఆవిడ కొంగు పట్టుకుని లాగాను. కొంగు విడిపించుకుంది.

"మా కోడలికి గ్లూమీ వచ్చిందండి. పైకి కనబడదు, లోపల తినేస్తోంది. మీరందరూ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోవాలి."

పాస్టరుగారు చదువుకున్న మనిషి. కళ్ళజోడు పైనుంచి నా వైపు చూశారు. నేను పాటల పుస్తకంలోకి చూశాను. ఆయనొక్క క్షణం తటపటాయించి, కళ్ళు మూసుకుని, "ప్రభువా, మా సహోదరిని ఆ... ఆ గ్లూమీ నుండి విడిపించుము" అన్నారు. సంఘమంతా "ఆమేన్" అంది. మర్యాద కదా, నేనూ అన్నాను. ఆరాధన అయ్యేలోపే ఎవరో సంఘం వాట్సాప్‌లో పెట్టేశారు కూడా.

సోమవారం నుంచి పరామర్శలు మొదలయ్యాయి. బ్రెడ్డు ప్యాకెట్లు, బత్తాయిలు, కొబ్బరి బొండాలు. ఒకావిడ "అంటుకుంటుందా?" అని అడిగి, జవాబు రాకముందే కుర్చీ వెనక్కి జరుపుకుంది. ఇంకొకావిడ "మా బావగారికీ వచ్చిందమ్మా, ఎడంపక్కకొచ్చింది. కాకినాడ తీసుకెళ్ళాం. ఇప్పుడు బానే ఉన్నారు, కాస్త చెయ్యి లాగుతుందంతే" అని ధైర్యం చెప్పింది. మూడో ఆవిడ గ్లూమీకి రొయ్యలు పనికిరావని తేల్చేసింది. మా అత్తగారు ఆ పూటే రొయ్యలు మానిపించింది. భీమవరం నుంచి వచ్చే రొయ్యలకి తలుపు మూసిన ఇంట్లో మనిషికి గ్లూమీ రాక ఏమొస్తుంది?

ఇక లాభం లేదని ఓ సాయంత్రం అందరూ ఉండగా, "జబ్బు కాదండీ. మనసు కొంచెం బాగోలేదు, అంతే" అనేశాను.

"ఎవరేమన్నారమ్మా?" అంది ఒకావిడ. తలలన్నీ మెల్లగా మా అత్తగారి వైపు తిరిగాయి. పాపం, ఆవిడ మొహం కందగడ్డ అయిపోయింది. అప్పుడర్థమైంది నాకు. కోడలికి మనసు బాగోలేదంటే అది తిన్నగా వెళ్ళి అత్తగారి మీద పడుతుంది. జబ్బంటే ఎవరి మీదా పడదు. నా నోటితో నేనే, "అబ్బే, జబ్బేనండీ. ఇంగ్లీషు జబ్బు" అన్నాను. మా అత్తగారు ఊపిరి పీల్చుకుని, "చెప్పానుగా! శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన పెడుతున్నాం, అందరూ రావాలి" అని ప్రకటించేసింది.

శుక్రవారం వచ్చింది. అది శ్రావణ శుక్రవారమని మా అత్తగారికి తెలియదు. నాకు తెలుసు. రోగిని నేనే, వచ్చినవాళ్ళందరికీ టీ పెట్టేదీ నేనే. బయట వాన. లోపల స్త్రీల సమాజం మొత్తం చాపల మీద సర్దుకుని పాటలు పాడింది. పాస్టరమ్మగారు ప్రార్థన అందుకున్నారు. ఆవిడ మొదలుపెడితే లోకంలోని రోగులందర్నీ పలకరించి గానీ ఆపరు. అందరూ కళ్ళు మూసుకున్నారు. పొయ్యి మీద పాలు పొంగుతాయేమోనని నేను మాత్రం ఓ కన్ను తెరిచే ఉంచాను.

ఆ కంటికే కనబడింది. గుమ్మంలో మా లెక్కల టీచరు. తడిసిన గొడుగు, తల్లో పూలు, నుదుట కుంకుమ, పాదాలకి ఇంత పసుపు. చేతిలో ఓ ప్లాస్టిక్ డబ్బా. చెప్పులు విప్పి, తల వంచుకుని గుమ్మంలోనే నిలబడింది, ప్రార్థన అయ్యేదాకా. అందరూ "ఆమేన్" అన్నాక, ఒక్క క్షణం ఆలస్యంగా తనూ "ఆమేన్" అంది. అందరూ కళ్ళు తెరిచి అటు చూశారు.

"రామ్మా, రా, లోపలికి రా" అంది మా అత్తగారు. ఆ వెంటనే ఆవిడ చూపు పసుపు పాదాల మీంచి డబ్బా మీదికెక్కింది. "ఏంటమ్మా అది?"

"బూరెలండి."

"ప్రసాదమా?" అంది మా అత్తగారు, రెండు చేతులూ జోడించడానికి సిద్ధంగా.

"కాదండి. ప్రసాదం మా ఇంట్లో ఉంది. ఇవి వేరే గిన్నెలో కలిపి, వేరే మూకుట్లో వేశాను. మీ కోడలిగారికి నా పద్ధతి తెలుసండి" అని నా వైపు తిరిగి, "ఎలా ఉందండీ ఒంట్లో, మేడం గారూ?" అంది.

బస్సులో నేనన్న మేడం గారు అది. వడ్డీతో సహా అప్పజెప్పింది.

"ఫరవాలేదండి మేడం గారూ. టీ పట్టుకొస్తాను" అని వంటింట్లోకి వెళ్ళాను. డబ్బా మా అత్తగారి చేతిలో పెట్టి, గ్లాసులు అందిస్తానంటూ తనూ వెనకే వచ్చింది. తలుపు వారగా వెయ్యడం ఆలస్యం.

"గ్లూమీ ఏంటే నీ మొహం! మన బడి డ్రిల్లు మాస్టారు ఆ వాట్సాప్ మెసేజీ నాకు పంపించాడు, ఆయన భార్య మీ సంఘమేగా. బడినుంచి ఇంటికి నడుస్తూ చూసి రోడ్డు మీద పగలబడి నవ్వాను. ఇంటికెళ్ళి ఏడ్చాను."

"ఏడవడం ఎందుకు? జబ్బు నాకు కదా."

"తెలుగులో చెప్పుకోలేకపోయావంటే అది నా గురించే అయ్యుంటుందని తెలిసిపోయిందే."

నాకు కోపమే వచ్చింది. "బదిలీ పెట్టుకుంటున్నానని ఒక్క మాట చెప్పావా నాకు?"

"చెప్తే నువ్వు వద్దంటావు. నువ్వు వద్దంటే నేను ఆగిపోతాను. మా అత్తగారు మంచం దిగలేకపోతోందే. ఆగిపోతే ఎలాగే?" అని, టీ గ్లాసులు ట్రేలో పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది. "వరలక్ష్మీ వ్రతం నాడు కూడా రెండు మూకుళ్ళు పెట్టేశానే. చేతికి అలవాటైపోయింది. పూజయ్యాక చూస్తే నీ వంతు అలాగే ఉంది. ప్రసాదం కాదు కదా, ఎవరికీ పంచడానికి లేదు. పొయ్యి దగ్గర నిలబడి నేనే తిన్నాను."

ఇద్దరం ఏడ్చాం. పాలు పొంగిపోయాయి. ఆ చప్పుడుకి మా అత్తగారు తలుపు తోసుకుని వచ్చింది. ఆవిడ బుగ్గ ఓ పక్క ఉబ్బి ఉంది, లోపల బూరె. మా ఇద్దర్నీ చూసింది. బూరె నమిలి, మింగి, అప్పుడు అంది.

"ఇదా గ్లూమీ?"

ఇద్దరం కొంగులతో కళ్ళు తుడుచుకున్నాం.

"ఈ పిల్ల మీద బెంగా? ఓసినీ! బెంగని చెప్పచ్చుగా! ఊళ్ళో ఉన్న బత్తాయిలన్నీ మనింట్లో ఉన్నాయి, పాస్టరమ్మగారి మోకాళ్ళు అరిగిపోయాయి! ప్రార్థనకి జబ్బు తగ్గిందని ఆదివారం నేను లేచి సాక్ష్యం చెప్పాలి ఇప్పుడు. ఏమని చెప్పను, బూరెలకి తగ్గిందని చెప్పనా?"

"పెనుగొండేగా అంటారని చెప్పలేదండి అత్తయ్యా" అన్నాను ముక్కు చీదుకుంటూ.

"అంటాను. ఎందుకనను? అని, బస్సెక్కించేదాన్ని" అంది.

ఆ తర్వాత పొంగిన పాలు తుడవడానికి గుడ్డ కోసం అర తెరిచింది. గుడ్డల వెనక దాచిన స్టీలు డబ్బా బయటపడింది. తిప్పి చూసి, మీద చెక్కిన పేరు చదివి, "ఇదెవరిదే?" అంది.

"మా అత్తగారిదండి" అంది లెక్కల టీచరు. "పెనుగొండ వెళ్ళిన దగ్గర్నుంచీ రోజూ అడుగుతోంది, నా డబ్బా ఏది, నా డబ్బా ఏదని."

"అయ్యో, పెద్దావిడ సామాను! ఉండు, ఖాళీగా ఇవ్వకూడదు" అని మా అత్తగారు పంచదార డబ్బా మూత తీసింది. నేను చెయ్యి అడ్డం పెట్టబోయాను.

మా లెక్కల టీచరు ఆవిడ చేతిలోంచి డబ్బా తీసుకుని, ఎక్కడుందో అక్కడే, గుడ్డల వెనకే పెట్టేసింది.

"ఇక్కడే ఉండనీండి అత్తయ్యగారూ. ఆవిడ అడిగినప్పుడల్లా, తణుకెళ్ళి తెస్తానత్తయ్యా అని చెప్పి బయల్దేరచ్చు" అంది.